భద్రాచలం అమ్మాయి బ్యాటు పట్టింది



"ఆడపిల్లకు ఆటలేంటి?" ఈ మాట వినపడని ఊరు లేదు. బడి నుంచి వచ్చిన మగపిల్లవాడు సంచి మూలకు విసిరి ఆటకు పోతాడు. ఆడపిల్ల సంచి దింపి బిందె ఎత్తుకుంటుంది. తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. అంట్లు తోమాలి. పొయ్యి రాజేయాలి. ఇద్దరూ ఒకే బడికి పోయారు. ఒకే పాఠం విన్నారు. కాని ఒకరికి సాయంత్రం ఉంది. ఇంకొకరికి లేదు.

సాయంత్రం దొరికిన ఒక ఆడపిల్ల సంగతి ఈరోజు చెప్పుకుందాం. ఆమె పేరు గొంగడి త్రిష. 2005 డిసెంబరు 15న భద్రాచలంలో పుట్టింది. అప్పుడు భద్రాచలం ఖమ్మం జిల్లాలో ఉండేది. 2016లో జిల్లాలు మారాక భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. రాముడి గుడితో పేరుపడ్డ ఈ ఊరి పేరు ఇప్పుడు క్రికెట్ ఆటలో కూడా వినబడుతోంది.

రెండేళ్లకే బ్యాటు

త్రిష తండ్రి తన చిన్నతనంలో హాకీ ఆడిన మనిషి. వంకీ కర్రతో బంతిని కొట్టే ఆట అది. తర్వాత ఆయన భద్రాచలంలో జిమ్ నడిపారు. ఒళ్లు గట్టిపడేలా కసరత్తులు చేయించే చోటు అది. తన బిడ్డ పెద్ద క్రీడాకారిణి కావాలని ఆయన కోరిక. బిడ్డకు రెండేళ్లు వచ్చేసరికి చేతికి ప్లాస్టిక్ బ్యాటు ఇచ్చారు.

పిల్ల బాగా ఆడుతోంది. కాని ఆడపిల్లకు క్రికెట్ పద్ధతిగా నేర్పే చోటు దగ్గరలో ఎక్కడుంది? హైదరాబాదు పోవాలి. గోదావరి దాటి, అడవి దాటి, మూడు వందల కిలోమీటర్లు పోవాలి. వాళ్లు పోయారు. ఆ ఖర్చు కోసం జిమ్మును అమ్మారు. ఉన్న పొలంలో కొంత అమ్మారు. సాధారణంగా కొడుకు చదువుకు పొలం అమ్ముతారు. కూతురి కట్నానికి అమ్ముతారు. కూతురి ఆటకు అమ్మడం అరుదు.

సికింద్రాబాదులోని సెయింట్ జాన్స్ క్రికెట్ అకాడమీలో త్రిష ఆట నేర్చుకుంది. తనకంటే ఎంతో పెద్ద పిల్లలతో కలిసి ఆడింది. ఒక రోజు కాదు, ఒక నెల కాదు. ఏళ్ల తరబడి సాధన చేసింది.

ఆట లెక్క

క్రికెట్ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జట్టుకు 11 మంది. ఒక జట్టు బంతి వేస్తుంది. రెండో జట్టు బ్యాటుతో కొడుతుంది. బంతిని దూరంగా కొట్టి, అటూ ఇటూ పరుగెత్తితే పరుగులు వస్తాయి. కొట్టే మనిషి అవుటైతే "వికెట్ పడింది" అంటారు. 6 బంతులు వేస్తే ఒక ఓవరు. చిన్న ఆటలో ఒక్కో జట్టుకు 20 ఓవర్లు. అంటే ఆరు ఇరవైలు, 120 బంతులు. తునికాకు కట్టకు 50 ఆకులు లెక్కపెట్టే చేతులకు ఈ లెక్క ఎంత?

త్రిష బ్యాటుతో కొడుతుంది. బంతిని గింగిరాలు తిరిగేలా కూడా వేస్తుంది. రెండు పనులూ వచ్చిన మనిషి ఏ జట్టుకైనా బలమే.

రెండుసార్లు ప్రపంచకప్పు

19 ఏళ్లలోపు ఆడపిల్లలకు ప్రపంచకప్పు పోటీ మొదటిసారి 2023లో జరిగింది. దక్షిణాఫ్రికా దేశంలో జరిగింది. త్రిషకు అప్పుడు 17 ఏళ్లు. ఆ వయసుకు ఎన్నో ఊళ్లలో ఆడపిల్లకు సంబంధాలు చూస్తుంటారు. త్రిష విమానం ఎక్కి ఆటకు పోయింది. జనవరి 29న ఇంగ్లండుతో చివరి ఆట. ఇంగ్లండు పిల్లలు 68 పరుగులకే అందరూ అవుటయ్యారు. త్రిష 24 పరుగులు చేసింది. మన పిల్లలు కప్పు గెలిచారు.

రెండేళ్లకు మళ్లీ పోటీ వచ్చింది. ఈసారి మలేషియా దేశంలో. 2025 జనవరి 28న స్కాట్లాండ్ జట్టుతో ఆట. త్రిష 59 బంతుల్లో 110 పరుగులు కొట్టింది. అవుట్ కాలేదు. ఈ పోటీలో వంద పరుగులు దాటిన మొదటి ఆడపిల్ల త్రిషే. అదే ఆటలో బంతి పట్టి మూడు వికెట్లు కూడా తీసింది.

ఫిబ్రవరి 2న చివరి ఆట. ఎదురుగా దక్షిణాఫ్రికా. త్రిష 15 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీసింది. ఆ జట్టు 82 పరుగుల దగ్గర ఆగిపోయింది. మనకు 83 కావాలి. త్రిష 33 బంతుల్లో 44 పరుగులు చేసి, చివరిదాకా నిలబడింది. ఇంకా 52 బంతులు మిగిలి ఉండగానే ఆట ముగిసింది. కప్పు మళ్లీ మనదే.

పోటీ మొత్తంలో త్రిష 309 పరుగులు చేసింది. 7 వికెట్లు తీసింది. అందరికంటే బాగా ఆడిన క్రీడాకారిణిగా బహుమతి అందుకుంది. ఆ బహుమతిని తండ్రికి అంకితం చేసింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ప్రకటించింది.

ఆ జట్టులో విశాఖపట్నం అమ్మాయి షబ్నమ్ షకీల్ కూడా ఉంది. అదే సంవత్సరం నవంబరు 2న పెద్దల జట్టు కూడా ప్రపంచకప్పు గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి ఉంది. అంటే ఇది ఒక్క త్రిష సంగతే కాదు.

ఆటకు కూలి ఎంత?

"ఆడితే కూడు పెడుతుందా?" అని అడగొచ్చు. అడగాల్సిన మాటే.

హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ ఎన్నో ఏళ్లు దేశం జట్టును నడిపింది. 2005లో ఆమె జట్టు ప్రపంచకప్పు చివరి ఆట దాకా పోయింది. అప్పుడు తమకు ఆటకు వెయ్యి రూపాయలు ఇచ్చారని ఆమె తర్వాత చెప్పింది. ఆడవాళ్ల క్రికెట్టుకు అప్పట్లో డబ్బు లేదు, చూసే జనమూ లేరు.

2022 అక్టోబరులో దేశం క్రికెట్ బోర్డు ఒక నిర్ణయం చేసింది. దేశం తరఫున ఆడే మగవాళ్లకు ఆటకు ఎంత ఇస్తారో, ఆడవాళ్లకూ అంతే ఇస్తామంది. 20 ఓవర్ల ఆటకు 3 లక్షలు. ఆడైనా 3 లక్షలే, మగైనా 3 లక్షలే.

మరి పొలంలో? మగమనిషికి ఒక కూలి, ఆడమనిషికి ఒక కూలి. ఒకే పనికి సమాన కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. అడిగేవాళ్లు ఉంటేనే చట్టం గట్టు దిగి చేలోకి వస్తుంది.

అమ్మడానికి పొలం లేకపోతే?

"వాళ్లకు పొలం ఉంది, అమ్ముకున్నారు. మాకేముంది? రెక్కలే కదా!" అని ఒక తల్లి అంటుంది. నిజమే. బిడ్డ ఆట కోసం ఉన్నదంతా అమ్మండని ఎవరూ చెప్పకూడదు. వేలమంది ఆడితే దేశం జట్టుకు పోయేది పదిహేను మందే. మిగతావాళ్లు కూడా బతకాలి. అందుకే ఆటతో పాటు చదువు సాగాలి.

పొలం లేని పిల్లలు పైకి వచ్చిన దారి కూడా ఒకటుంది. నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ. కూలి చేసుకునే గిరిజన కుటుంబం. చర్ల మండలం కలివేరు పిల్లవాడు ఆనంద్. వాళ్ల నాన్న సైకిళ్లు బాగుచేసేవాడు. ఇద్దరూ ప్రభుత్వ గురుకుల పాఠశాలల్లో చదివారు. గురుకులాల సంస్థే వాళ్లకు కొండలెక్కడం నేర్పించింది. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన కొండ అది. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఆ ఖర్చు వాళ్ల తల్లిదండ్రులు పెట్టలేదు. ప్రభుత్వం పెట్టింది.

హైదరాబాదు దగ్గర హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. అందులో నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన పిల్లలకు క్రీడా పాఠశాల ఉంది. వీటి సంగతి బడిలో పంతులమ్మను అడగవచ్చు. దరఖాస్తు కాగితం తెచ్చుకోవచ్చు. చదవడం వచ్చిన తల్లి ఆ కాగితం తానే చదువుకోవచ్చు. పైసా అడిగితే ఎందుకని నిలదీయవచ్చు.

రోజుకు ఒక గంట

ప్రతి ఆడపిల్లా త్రిష కాదు. కాకపోయినా ఫరవాలేదు. ఆడిన పిల్ల బాగా ఆకలితో తింటుంది. కంటినిండా నిద్రపోతుంది. నలుగురిలో గట్టిగా మాట్లాడుతుంది. ఓడితే ఏడ్చి, మర్నాడు మళ్లీ ఆటకు పోతుంది.

అందుకు కావలసింది మొదట డబ్బు కాదు. సాయంత్రం ఒక గంట. ఆ గంట బిందె ఎవరు మోయాలి? చంటిపిల్లను ఎవరు ఎత్తుకోవాలి? తల్లి ఒక్కతే మోస్తే మళ్లీ బరువు ఆడమనిషి మీదే పడుతుంది. తండ్రి ఒక బిందె తేవచ్చు. అన్న గిన్నెలు కడగవచ్చు. వాళ్ల చేతులేమీ అరిగిపోవు.

బడిలో బంతి ఉంటుంది. అది మగపిల్లలకేనా, ఆడపిల్లలకు కూడా ఇస్తున్నారా? వెళ్లి చూడండి. ఇవ్వకపోతే నలుగురు తల్లులు కలిసి అడగండి.

ఆలోచించండి. మాట్లాడుకోండి.

1. మీ ఇంట్లో ఆడపిల్ల బడి నుంచి వచ్చాక ఏమేం పనులు చేస్తుంది? మగపిల్లవాడు ఏం చేస్తాడు? రెండు వరుసల్లో రాయండి.

2. మీ ఊళ్లో ఒకే పనికి ఆడవాళ్ల కూలి ఎంత? మగవాళ్ల కూలి ఎంత? తేడా ఎంతో లెక్క కట్టండి.

3. ఆడపిల్లలు ఆడుకునే చోటు మీ ఊళ్లో ఎక్కడుంది? లేకపోతే ఎక్కడ ఉండాలి?