మింగుడు పడని ముద్ద
(తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాస పాఠము)



అన్నము తినునపుడు పిల్లవానికి పొలమారినచో అవ్వ వాని నెత్తిపై తట్టి, "ఎవరో తలచుకొనుచున్నారురా" అని నవ్వును. ఒకనాడు పొలమారుట వేరు. ప్రతిదినమును ముద్ద రొమ్ములో ఆగుట వేరు. ఈ రెండవదానిని నవ్వి విడిచిపెట్టరాదు. అన్ననాళములో పుట్టు పాలిప్‌లను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

అన్ననాళము గొంతునుండి జీర్ణాశయము వరకు దిగు కండరపు గొట్టము. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ముద్ద తన బరువుచేతనే జారునని పలువురు తలంతురు. అది పొరపాటు. గొట్టపు గోడలే అలలవలె ముడుచుకొని దానిని క్రిందికి నెట్టును. ఆ గోడ లోపలి పొరనుండి కండ మొలకవలె లేచినచో దానిని పాలిప్ అందురు. కొన్నింటికి కాడ యుండును. కొన్ని గోడకే అంటుకొని యుండును.

పెద్దప్రేగులో పాలిప్‌లు తరచుగా కనబడును. అన్ననాళములో అవి అరుదు. అందును పెక్కు అపాయకరములు కావు. ముఖ్యముగా మూడు విధములు చెప్పవచ్చును. పులిపిరివంటి చిన్నది పాపిలోమా. జీర్ణాశయపు ఆమ్లము పైకి తన్నుటచేత, అన్ననాళము జీర్ణాశయముతో కలియు చోట వాచి లేచునది రెండవది. మూడవది మిక్కిలి అరుదు. అన్ననాళపు పైభాగమున పుట్టి, పొడవైన కాడతో క్రిందికి పెరుగును. ఇది దగ్గినపుడో వాంతియైనపుడో నోటిలోనికి వచ్చి ఊపిరి త్రోవను మూయవచ్చును. ఇట్టివానిలో కొన్ని కొవ్వు కణములనుండి పుట్టిన క్యాన్సరులని తేలినది. కావున కంటికి సాధువుగా కనబడినను, తీసిన ప్రతి ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను.

లోనికి చూచుట యెట్లు? 1868లో జర్మను వైద్యుడు కుస్మాల్, కత్తులు మ్రింగు గారడివాని గొంతులో నిటారు గొట్టమును దింపి చూచెను. 1957లో హిర్షోవిట్జ్ గాజునారలతో చేసిన, వంగెడు గొట్టమును లోకమునకు చూపెను. నేటి ఎండోస్కోపు కొనలో చిన్న కెమెరా యున్నది. పరగడుపున పోవలెను. గొంతు మొద్దుబారుటకు మందు చల్లుదురు. అవసరమైనచో మత్తు ఇత్తురు. పరీక్ష కొన్ని నిమిషములలో ముగియును. భయపడవలసిన పని లేదు.

చిన్న పాలిప్‌ను ఆ గొట్టముద్వారానే చిమటావంటి పనిముట్టుతో తీయుదురు. కాడ యున్నదానికి తీగ ఉచ్చు తగిలించి, విద్యుత్తుతో కోయుదురు. పెద్ద కాడలో లావు రక్తనాళము లుండును గనుక ముందుగా వానిని బంధింతురు. మిక్కిలి పెద్దదైనచో శస్త్రచికిత్స చేయుదురు. ఆమ్లమువలన వచ్చిన వాపునకు ఒమెప్రజోల్‌వంటి మందులిచ్చి, మరల చూతురు.

ఇక మన యిండ్ల సంగతి. చిన్న పాలిప్ ఏ బాధయు పెట్టకపోవచ్చును. కాని ముద్ద ఆగుట మొదలైన ముదుసలి ఏమి చేయును? మొదట రొట్టె మానును, పిదప అన్నము మాని జావ త్రాగును, కడకు మజ్జిగతో సరిపెట్టుకొనును. అడిగినచో "అరుగుట లేదమ్మా" అనును. వయసు మీరినదని మనమును ఊరకుందుము. పాలిప్ కానిండు, క్యాన్సరు కానిండు, బయటి గుర్తు ఒక్కటే. లోనికి చూచిననే తేడా తెలియును. ముద్ద అడ్డుపడుట, బరువు తగ్గుట, నెత్తురు వాంతి, నల్లని విరేచనము — వీనిలో ఏ ఒక్కటి కనబడినను వైద్యునివద్దకు తీసికొనిపొండు. పొగాకుతో కూడిన తాంబూలము, చుట్ట, మద్యము అన్ననాళమునకు శత్రువులు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయములుకూడ క్యాన్సరు కలిగింపవచ్చునని అంతర్జాతీయ సంస్థ 2016లో తెలిపినది. పిల్లవాడు హఠాత్తుగా మ్రింగలేకపోయినచో పాలిప్‌ను గాక నాణెమునో గుండీవంటి బ్యాటరీనో అనుమానింపుడు. బ్యాటరీ రెండు గంటలలోనే లోపల కాల్చివేయగలదు. క్షణము ఆలసింపక ఆసుపత్రికి పరుగెత్తుడు.

మన వంటివారికి మరియొక చిక్కు గలదు. ఇంట తెలుగులో "ముద్ద దిగుట లేదు" అన్న మాట, ఆసుపత్రిలో ఈ రాష్ట్రపు భాషలోనికి మారునపుడు "కడుపునొప్పి" కావచ్చును; అపుడు మందును దారి తప్పును. రెండు భాషలును చక్కగా నేర్చిన మన పిల్లలు ఇక్కడ పనికివత్తురు. పెద్దవారితోపాటు వారిని వెంట తీసికొనిపొండు. ఎచ్చట ఆగుచున్నది, గట్టిదా ద్రవమా, ఎన్నాళ్లనుండి, బరువెంత తగ్గినది — ఈ నాలుగింటిని ముందుగా అవ్వనడిగి వ్రాసికొనుమనుడు. తల్లిభాష చదివించిన ఫలము పరీక్షలో మార్కులకే కాదు, అవ్వ ప్రాణమునకును అక్కరకు వచ్చును.

ఈ రాత్రి అందరును కలిసి భోజనమునకు కూర్చుండుడు. ఎవరి కంచములో అన్నము మిగులుచున్నదో గమనింపుడు.