కీలు మార్చాక లెక్క ఎవరు చూడాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎముకల డాక్టరుని కాబట్టి, పరిశ్రమలూ వైద్య పరిశోధకులూ కలిసి పనిచేయడం గురించి మాట్లాడమన్నారు. ఈ హాల్లో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, చిన్నదో పెద్దదో ఫ్యాక్టరీ నడిపేవాళ్లున్నారు. మోకాళ్లు మార్పించుకున్నవాళ్లూ ఉన్నారని ఇందాక మెట్లెక్కుతున్నప్పుడే గమనించాను. కాబట్టి ఇది మనందరి విషయం.

కృత్రిమ కీలును డాక్టరు ఒక్కడే తయారు చేయలేడు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ కథ చూడండి. అరిగిన తుంటి కీళ్లకు ఆయన 1950ల చివర్లో టెఫ్లాన్‌తో చేసిన గిన్నెలు అమర్చారు. దాదాపు 300 మందికి ఆపరేషన్లు చేశారు. మొదట్లో హాయిగా నడిచారు. కొన్నేళ్లకే గిన్నెలు అరిగాయి. రాలిన పొడి కీలు చుట్టూ ఉన్న కండను, ఎముకను పాడుచేసింది. ఆ పదార్థం ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి చార్న్‌లీ దాన్ని తన తొడలోనే పెట్టించుకుని చూసుకున్నారు.

ఆ సమయంలో ఒక సేల్స్ ప్రతినిధి మరమగ్గాల పళ్లచక్రాలకు వాడే పాలిథిలిన్ ముక్క తెచ్చాడు. చార్న్‌లీకి అది నచ్చలేదు. ఆయన వర్క్‌షాపులో పనిచేసే హ్యారీ క్రేవెన్ మాత్రం ఊరుకోక, దాన్ని అరుగుదల పరీక్షించే యంత్రంపై పెట్టి నడిపించాడు. టెఫ్లాన్‌తో పోలిస్తే అది అరిగినట్టే లేదు. 1962 నవంబరులో ఆ ప్లాస్టిక్‌తో ఆపరేషన్లు మొదలయ్యాయి. ఇప్పుడు మేం వాడే గిన్నెల్లో ఎక్కువ భాగం ఆ జాతి ప్లాస్టిక్‌వే, కాస్త మెరుగుపరచినవి.

ఈ కీళ్లను లీడ్స్ నగరంలోని థాక్రే కంపెనీ తయారుచేసింది. చార్న్‌లీ ఒక షరతు పెట్టారు. తన దగ్గరికి వచ్చి పని నేర్చుకున్న సర్జన్లకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదన్నారు. అడిగినవాళ్లందరికీ అమ్ముకుంటే కంపెనీకి లాభమే. అయినా ఏళ్ల తరబడి ఆ మాటకు కట్టుబడింది. టెఫ్లాన్ దెబ్బ తిన్న మనిషి పెట్టిన షరతు అది.

మన హైదరాబాదులోనూ ఒక మంచి ఉదాహరణ ఉంది. అబ్దుల్ కలాం గారు ఇక్కడి క్షిపణి ప్రయోగశాలలో ఉన్న రోజుల్లో నిమ్స్ నుంచి ఒక ఎముకల సర్జన్ వచ్చి, క్షిపణుల కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. కలాం గారిని ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైగా బరువుండే ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ సంగతి కలాం గారు ఎన్నో సభల్లో సంతోషంగా చెప్పేవారు.

అయితే కాలిపరు ఒంటి బయట ఉండే వస్తువు. సరిపడకపోతే విప్పి పక్కన పెట్టొచ్చు. లోపల అమర్చిన కీలు అలా కాదు. తీయాలంటే ఇంకో ఆపరేషన్, మొదటిదానికన్నా కష్టమైనది.

అందుకే ఏఎస్ఆర్ తుంటి కీలు గురించి చెప్పాలి. బంతీ లోహమే, గిన్నే లోహమే. డెప్యూ కంపెనీ దాన్ని పేరున్న సర్జన్లతో కలిసి రూపొందించింది. రాపిడికి కోబాల్ట్, క్రోమియం చుట్టూ ఉన్న కండలోకి, రక్తంలోకి చేరాయి. చాలామందికి కీలు మళ్లీ మార్చాల్సి వచ్చింది. 2010 ఆగస్టులో కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకునేనాటికి సుమారు 93,000 మందికి అమర్చారు. మన దేశంలోనూ వేలమంది ఉన్నారు.

లోపాన్ని గట్టిగా పట్టిచ్చిన వాటిలో ఆస్ట్రేలియా జాతీయ రిజిస్ట్రీ ఒకటి. అక్కడ ఎవరికి ఏ కీలు వేశారో, అది ఎన్నాళ్లకు తీయాల్సి వచ్చిందో రాసిపెడతారు. ఆ లెక్కల్లో ఈ కీలు మిగతావాటికన్నా ఎక్కువగా విఫలమవుతున్నట్టు తేలింది. స్వీడన్‌లో మోకాళ్లకు ఇలాంటి రిజిస్ట్రీ 1975లోనే మొదలైంది.

డిజైనుకు సాయం చేసిన సర్జన్ రాయల్టీ తీసుకోవడం తప్పని నేననను. శ్రమకు ఫలితం ఉండాలి. కానీ వస్తువు అమ్మేవారూ, రాయల్టీ అందుకునేవారే దాని మంచిచెడ్డలు కూడా లెక్కగట్టకూడదు. పంట పండించినవాడే కాటా పట్టుకుంటే కొనేవాడు నమ్ముతాడా?

2017 ఆగస్టులో మన ప్రభుత్వం మోకాలి కీళ్ల ధరలకు పరిమితి పెట్టింది. రోగులకు పెద్ద ఊరట. అయితే ధర తగ్గినంత మాత్రాన కీలు పదేళ్లు ఉంటుందో, పదిహేనేళ్లు ఉంటుందో తెలియదు. అది లెక్క రాస్తేనే తెలుస్తుంది.

కాబట్టి మూడు మనవులు. ఫ్యాక్టరీలు నడిపే మిత్రులారా, పరిశోధన సంస్థతో ఒప్పందం రాసుకునేటప్పుడు, తర్వాత పదేళ్లు రోగులను పిలిచి చూసే ఖర్చు ఎవరిదో అందులోనే రాయండి. ఫలితం చెడుగా వచ్చినా ప్రచురించే హక్కు పరిశోధకుడికి ఉండాలి.

డాక్టరు మిత్రులారా, కీలు పెట్టెతో వచ్చే స్టిక్కర్లో కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. దాన్ని కేసు షీట్లో అంటించి ఊరుకోకండి. ఒక నకలు రోగి చేతికివ్వండి. రిజిస్ట్రీలో నమోదు చేయండి.

మోకాళ్లు మార్పించుకున్న అన్నలూ అక్కలూ, ఆ స్టిక్కరు అడిగి తీసుకోండి. ఇంటి పత్రాలతో పాటు బీరువాలో దాచండి. నొప్పి లేకపోయినా ఏడాదికోసారో, డాక్టరు చెప్పిన గడువుకో వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. మీరు వెళ్లి చూపించుకుంటేనే ఆ లెక్క పూర్తవుతుంది.