పండ్లబుట్టయే పలక



ఇంకను బడికి పోని పసిబిడ్డలకు ఇంటిలోనే, పండ్లను ఆధారముగా చేసికొని, ఏయే విషయములు నేర్పవచ్చునో చెప్పుమని నన్ను కోరినారు. నేను నివసించునది హిమాయత్‌నగర్. నగరమధ్యమునందలి హిమాయత్‌నగర్ కాదు. మా బంధువులు సైతము ఈ పొరపాటు పడుచుందురు. చేవెళ్లకు పోవు మార్గమున, మొయినాబాదు మండలములో నున్న గ్రామమిది. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట, వరదను అదుపుచేయుటకై కట్టిన రెండు పెద్ద చెఱువులు మా ప్రాంతముననే కలవు. గండిపేట చెఱువు 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. ఇతర సీమలవారు ఇమాంపసందు అని పిలుచు మామిడిని మావైపు హిమాయత్ అందురు. తమ ఊరి పేరు ఒక పండునకు కూడ కలదని తెలిసినప్పుడు పిల్లలకు కలుగు వేడుక చూడవలసినదే.

ఇట్టి ఊరిలో జరిగిన చిన్న సంగతి ఒకటి మనవి చేసెదను. మా మనుమరాలికి మొన్నటి శ్రావణమున మూడేండ్లు నిండినవి. మా కోడలు గోడకు ఒక రంగుల పటము తగిలించినది. ఆపిల్, చెర్రీ, కివీ, స్ట్రాబెర్రీ మొదలైనవన్నియు అందు కలవు. పిల్ల వానిని వ్రేలితో చూపి గడగడ అప్పగించెడిది. ఒకనాడు పెరటిలోని జామకాయ నొకదానిని దాని చేతిలో నుంచి, "ఇదేంది బిడ్డా?" అని అడిగితిని. "గ్రీన్ ఆపిల్" అన్నది. ఇంటిల్లిపాది నవ్విరి, నేనును నవ్వితిని. కాని రాత్రి తలచుకొన్నప్పుడు నవ్వు రాలేదు. జామచెట్టునకే ఉయ్యెల కట్టి ఊపిన బిడ్డ అది. చేతిలోని కాయయొక్క వాసన, బరువు, తొడిమ దానికేమియు చెప్పలేదు. గోడమీది బొమ్మ చెప్పినదే దానికి నిజమైనది.

పటమును నేను తీసివేయలేదు. దాని క్రింద ఒక వెదురుబుట్ట నుంచితిని. ఆ బుట్టలో ఏ పూటకు దొరికిన పండ్లు ఆ పూట ఉండును.

ఈ యాలోచన నాది కాదు. 1939 నవంబరులో మరియా మాంటిసోరీ అను ఇటలీ దేశపు వైద్యురాలు మద్రాసులోని అడయారునకు వచ్చి, దాదాపు 300 మందికి శిశువిద్యలో శిక్షణ నిచ్చినది. ఇంతలో యుద్ధము ముదిరినందున ఆమె 1946 వఱకు ఈ దేశముననే ఉండిపోయినది. ఆమె పద్ధతిలో ఒక గుడ్డసంచి కలదు. అందు కొన్ని వస్తువుల నుంచి, చూడకుండ చేతితో తడిమి పోల్చుకొనుమందురు. దానిని కొననక్కఱలేదు, రవికగుడ్డ ముక్కతో కుట్టుకొనవచ్చును. రెండేండ్ల బిడ్డకు అరటిపండును, నిమ్మకాయయు చాలును. నాలుగేండ్లవారికి జామ, సపోట, కమలాపండు కూడ చేర్పుడు. సపోట తోలు గరుకు, నిమ్మతోలు నునుపు. ఈ మాటలు మీరు ముందుగా చెప్పకుడు. వ్రేళ్లు చెప్పిన పిదప మాట అందిండు. బిడ్డ తప్పు చెప్పినచో "కాదు" అనవలదు. బయటికి తీసి చూచుకొన్నచో ఆ తప్పు దానికే తెలియును.

ఇక నాకు మిక్కిలి ప్రియమైన పాఠమునకు వచ్చెదను. ఇంగ్లీషున సామాన్యముగా ఫ్రూట్ అను నొక్క మాటతో గడచిపోవు చోట, మన భాషలో పిందె, కాయ, దోరకాయ, పండు అని ఒక నిచ్చెనయే కలదు. పచ్చిదియు పండినదియునగు జామలను నాలుగింటిని తెచ్చి బిడ్డముందు పెట్టుడు. ఏది ముందు, ఏది వెనుక? రంగు చూచును, బొటనవ్రేలితో నొక్కును, ముక్కునకు ఆనించుకొనును. ఒక వరుస పేర్చును, మరల చెరపును. హెచ్చుతగ్గులను గ్రహించి వరుసలో నుంచుట గణితమునకు మొదటి మెట్టు. ఆ మెట్టు మన తల్లులు రోజూ పలుకు మాటలలోనే ఉన్నది. అందుచేత "జామ" అని ముక్తసరిగా ఊరకుండక, "ఇది కాయ, ఇది దోరగానున్నది, ఇది పండు" అని పలుకుట మేలు.

సీతాఫలముల కాలములో దీనినే ఇంకొకవిధముగ సాగింపవచ్చును. కన్నులు విచ్చిన కాయ నొకదానిని బియ్యపుడబ్బాలో దాచి, ప్రతి ఉదయము బిడ్డచేత తీయించి చూపించుడు. చూచిన దినమున కొక గీత చొప్పున గోడమీద సుద్దతో గీయించుడు. మూడేండ్ల పిల్లలకు నిన్న, రేపు అను మాటలు ఒక పట్టాన కుదురవు. మా మనుమరాలు "రేపు ఊరికి పోయినం" అనెడిది. గీతలు రెండు, మూడు అగుసరికి కాయ మెత్తబడును. గడచిన దినములు గోడమీద కనబడును. పండు పండుటకై వేచియుండుట కాలమునుగూర్చి నేర్పినంత చక్కగా మఱియేదియు నేర్పదని నా నమ్మకము.

ఐదేండ్లు వచ్చిన పిల్లలకు ఇంకొక వింత కలదు. గట్టి సపోటను, పుల్లని ద్రాక్షగుత్తిని ప్రక్కప్రక్కన ఉంచుడు. సపోట కొలది దినములలో తీయబడును. ద్రాక్ష వాడిపోవునే కాని తీపెక్కదు. సపోట, మామిడి, అరటి, జామ, సీతాఫలము ముదిరిన పిదప కోసినను పండును. అవి పండునప్పుడు ఎథిలీను అను వాయువును విడుచును. ఆ వాయువు ప్రక్కకాయలను కూడ పండించును. బియ్యములో దాచుటలోని కిటుకు ఇదియే. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ కొమ్మమీదనే పండవలెను. ఎథిలీను పేరు పిల్లలకు అక్కఱలేదు, "ఎందుకు?" అని వారే అడుగుదురు, అది చాలును.

లెక్కకు బత్తాయి మంచిది. తొక్క వలిచి, తొనలు విడదీసి, ఇంటివారి కందఱకు సమముగ పంచుమనుడు. ఒకనాడు తొమ్మిది తొనలు వచ్చినవి, మేము నలుగురము. రెండేసి పంచిన పిమ్మట ఒకటి మిగిలినది. మా పిల్ల కొంతసేపు దానివంక చూచి, నోట వేసికొని, "ఇప్పుడు సమానం" అన్నది. భాగహారమున శేషమును గూర్చి నేనింతవఱకు విన్న వ్యాఖ్యానములలో ఇదియే సులభమైనది! కమలాపండును నీళ్లగిన్నెలో వేయించుటయు చూడముచ్చటగ నుండును. తొక్కతో నున్నప్పుడు తేలును, వలిచినచో మునుగును. తొక్కలోని సన్నని గాలిగదులే దానిని తేల్చుచున్నవి.

ఈ వేడుకల నడుమ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. హైదరాబాదు పరిసరములు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు పేరుపొందినవి. మా యిండ్లలో ద్రాక్షపండ్లన్న చనువెక్కువ. ఆ చనువుతోనే గత వేసవిలో, రెండేండ్ల నా దౌహిత్రునకు ద్రాక్షపండును నిండుగా చేతికిచ్చితిని. వాడు నవ్వుచు పరుగెత్తుచు మ్రింగబోయినాడు. ఏడ్పు లేదు, దగ్గు లేదు, ధ్వని లేదు, పెదవులు నల్లబడినవి. నా కూతురు వానిని మోకాళ్లమీద తల క్రిందికి వంచి, వీపున రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో గట్టిగా చఱచినది. నాలుగవ దెబ్బకు పండు బయటపడినది. తప్పు నాదే. ఆ కొలది క్షణములు ఇప్పటికిని నన్ను నిద్రలేపుచున్నవి.

ద్రాక్షపండు పసివాని శ్వాసమార్గమునకు సరిపడు బిరడా వంటిది. ఐదేండ్లలోపు వారికి దానిని నిలువుగా నాలుగు చీలికలు చేసి ఇయ్యవలెను. అడ్డముగా కోసిన చక్రము గొంతున అట్లే అతుకుకొనును. నేరేడు, రేగు, సీతాఫలము గింజలు పెద్దలే తీయవలెను. సీతాఫలపు గింజలతో లెక్క నేర్పువారు వానిని నలుగనీయరాదు. ఆ పొడి కంటిలో పడినచో కన్ను దెబ్బతినును. బిడ్డ కూర్చుండియే తినవలెను. గొంతున ఏదైన అడ్డుపడినప్పుడు చూడకుండ నోటిలో వ్రేలు పెట్టరాదు, వస్తువు మఱింత లోనికి పోవును. వీపున చఱచినను ఊపిరి రానిచో ఏడాది దాటిన బిడ్డకు కడుపుపై నొక్కు పద్ధతి, అంతకు చిన్నవారికి ఱొమ్ముపై నొక్కు పద్ధతి వేఱుగా కలవు. వానిని వైద్యులవద్ద ముందుగనే నేర్చుకొనుడు. 108కి ఫోను చేయుటలో ఆలస్యము తగదు.

మా పొరుగింటి ఆమె యొకతె నన్నడిగినది: "పండ్లతోనే ఆడుకుంటుంటే అక్షరాలెప్పుడమ్మా?" న్యాయమైన ప్రశ్నయే. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన పథకముచే వెలసిన అంగన్‌వాడీలు మూడేండ్లు నిండినవారికి ఆటపాటలతోనే చదువు ఆరంభించుచున్నవి. 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక కూడ మూడు మొదలు ఎనిమిదేండ్ల వఱకు ఆటయు, ఇంటిభాషయు ప్రధానమని చెప్పినది. మూడేండ్ల లోపల మాత్రము ఇల్లు తప్ప వేఱు బడి లేదు. ఇందుకై తల్లి ప్రత్యేకముగా తీరిక చేసికొననక్కఱలేదు. మీరు వంటచేయుచుండగా బిడ్డ అరటిపండును చెంచాతో ముక్కలు చేయవచ్చును. దానిమ్మగింజలను ఒలిచి గిన్నెలో వేయవచ్చును. ఆ గింజను పట్టు రెండు వ్రేళ్లే రేపు బలపము పట్టును. వెలగల పండ్లు కూడ అక్కఱలేదు. బండిమీది జామకాయలు రెండు వారమునకు సరిపడు పాఠములు.

ఈ ప్రసంగము వ్రాసికొనుచున్న ఉదయముననే మా మనుమరాలు బియ్యపుడబ్బా తెఱచి, సీతాఫలమును రెండు చేతులతో మోసికొనివచ్చి నా ముక్కున కానించినది. "నానమ్మా, ఇంకా కాయనే. రేపు చూద్దాం" అని చెప్పి, మరల తీసికొనిపోయి బియ్యములో కప్పిపెట్టినది.