ఆశ్వయుజమున పక్షుల వెంట
(బరంపురమున సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి తక్కెడ పట్టినవారము. ఈ శరత్కాలమున ఆదివారములయందు మన పిల్లలను పది పన్నెండుగురిని వెంటబెట్టుకొని సముద్రతీరమునకు, పొలములకు పక్షులను చూచుటకై పోవుచున్నాము. ఆ విశేషములు సభకు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినారు. “కొట్టు కట్టి పిట్టల వెంట తిరుగుట ఏమి బేరమురా?” అని మా పెదనాన్నగారు నవ్విరి. బేరము సంగతి కూడ ఇందు వచ్చును. కొంచెము ఓపిక పట్టుడు.

భాద్రపదము కడపటి వారమున మొదట ఋషికుల్య సాగరసంగమమునకు పోతిమి. తాబేళ్లు గ్రుడ్లు పెట్టు తావుగా ఆ ఇసుకతిన్నెలు లోకప్రసిద్ధములు. కాని అది మాఘ ఫాల్గుణముల మాట. వానలు తెరిపియిచ్చు ఈ దినములలో అచ్చట చూడదగినవి వేరు. ఆటు సమయమున బయటపడు బురదమేటలపై చిన్న చిన్న పిట్టలు గుంపులుగా వ్రాలి, పరుగెత్తి ఆగి, ఆగి పరుగెత్తి పురుగుల నేరుకొనుచుండును. వానిలో వీపుపై బంగారు చుక్కలు గలది యొకటి కలదు. మన తీతువు పిట్టకు అది దూరపు చుట్టము. సైబీరియా ఉత్తరపు కొసను, అలాస్కాలోను మంచు కరగిన కొద్దిపాటి వేసవిలో గ్రుడ్లు పెట్టి, పిల్లలను లేపి, శీతకాలమునకు మన తీరములకు వచ్చును. ఇట్టి పక్షులలో పెక్కింటికి ఒక వింత అలవాటు కలదు. పెద్దవి ముందుగా బయలుదేరును. పిల్లలు కొన్ని వారములు ఆగి, పెద్దల తోడు లేకయే, ఎన్నడును చూడని దారిని పట్టి దక్షిణమునకు వచ్చును.

“బాబాయిగారూ, వాటికి దారి ఎవరు చెప్పిరి?” అని ఒక చిన్నది అడిగినది. సూర్యుడు, నక్షత్రములు, భూమికి గల అయస్కాంతశక్తి వానికి దిక్కు తెలుపునని శాస్త్రజ్ఞులు కనుగొనిరని చెప్పితిమి. ఆ పిల్ల నమ్మినట్లు లేదు. నిజమునకు, నమ్మశక్యమైన సంగతియు కాదు.

మరుసటి ఆదివారము ఇచ్ఛాపురము దాటి తేలుకుంచి గ్రామమునకు పోతిమి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు మనము ఈవలను, ఆ ఊరు ఆవలను నిలిచినవి. ఆ ఊరి చింతచెట్లపై నత్తగుల్ల కొంగలు తొలకరితో వచ్చి గూళ్లు కట్టి, పిల్లలు ఎగురనేర్చిన పిమ్మట శీతకాలమునకు ముందే తరలిపోవును. వాని ముక్కు మూసినను నడుమ సందు కనబడును. నత్తను పట్టి గుల్లలోని కండను లాగుటకు ఆ ముక్కు అక్కరకు వచ్చును. వరిచేలలో నత్తలను తినుటచే రైతునకు మేలు. ఇవి సైబీరియానుండి వచ్చునని పత్రికలలో ఏటేట వ్రాయుచుందురు. అది సరికాదు. ఈ కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశములదే. దూరమునుండి వచ్చినదనిన గాని మనవారికి గౌరవము కలుగదు కాబోలు! ఆ గ్రామస్థులకు ఇట్టి పట్టింపు లేదు. పెరటిలో రెట్ట పడినను, కంపు కొట్టినను ఓర్చుకొందురు. వేటకాని నెవనిని చెట్టుదరికి రానీయరు.

పాలపిట్టను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. విజయదశమినాడు దానిని చూచుట శుభమని మన పెద్దల నమ్మకము. తెలంగాణమున ఈ ఆచారము మరింత గట్టిది. అది తెలంగాణకు, కర్ణాటకకు, మనమున్న ఒడిశాకును రాష్ట్రపక్షి. తెలుగువారి పిట్ట ఒడియావారికిని పిట్టయే అగుట మాకు సంతోషము. అయితే హైదరాబాదు వంటి చోట్ల దీనిని పట్టి, కాళ్లు కట్టి, రెక్కలకు జిగురు పూసి, పంజరములో పెట్టి వీథి వీథి త్రిప్పి డబ్బు తీసుకొనుట యున్నది. అట్టి పిట్ట పిదప బ్రదుకుట అరుదు. మేము పండుగనాడు వేకువనే ఊరిబయటకు పోతిమి. విద్యుత్తు తీగపై కూర్చుండి మిడుతకై కాచియున్న పాలపిట్ట అరగంటలో కనబడినది. అది ఎగిరినపుడు రెక్కల నీలము చూచి పిల్లలు కేకలు వేసిరి. పైసా ఖర్చు లేదు.

ఇక చిల్కా సరస్సు. 1981లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాకు మన దేశమునుండి మొదట ఎక్కిన రెండింటిలో ఇది యొకటి. నడుమ పూడిక పెరిగి, ఉప్పదనము తగ్గి, నాచు క్రమ్మి చెడిపోగా, 2000 సెప్టెంబరులో సముద్రమునకు క్రొత్తముఖము త్రవ్వి బాగుచేసిరి. 2023 జనవరి లెక్కలో 11 లక్షలకు పైగా పక్షులు తేలినవి. సూదితోక బాతులు, తలపై రెండు నల్లచారలు గల పెద్ద బాతులు హిమాలయముల కావలినుండి వచ్చును. మన కావ్యములలో రేయెల్ల జంట నెడబాసి విలపించు జక్కవ ఈ చిల్కాలోనే కాషాయపు రంగున తేలియాడుచుండును. మన పిల్లలు దానిని ఇంగ్లీషు పేరుతో, ఒడియా పేరుతో నెరుగుదురు. “ఇదియేనా జక్కవ?” అని పుస్తకములోని బొమ్మను చూచి ఆశ్చర్యపడిరి.

ఇప్పుడు బేరము మాట. శీతకాలమున చిల్కా పక్షులను వలపన్నియు, విషము పెట్టియు పట్టువారు నేటికిని కలరు. అటవీశాఖవారు ఏటేట కాపలా శిబిరములు వేయుచునే యున్నారు. ఆ పక్షులు ఎవరి ఇండ్లకు పోవుచున్నవి? సంక్రాంతికి అల్లుడు వచ్చినపుడు చిల్కా బాతుకూర వండుట గొప్పగా నెంచు ఇండ్లు మన పట్టణమున కలవు. అందు మన తెలుగు ఇండ్లును కలవు. ఈ మాట కొందరికి కష్టము తోచవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పట్టినవాడే కాదు, కొన్నవాడును దోషియే. చట్టము అటుండనిండు, మనము వర్తకులము. కొనువాడు లేని సరకును ఎవడును అంగడికి తేడని మనకు ఒకరు చెప్పవలెనా?

“వేటకాని కడుపు కొట్టుదుమా?” అని ఒక పెద్దలు మమ్ము అడిగినారు. న్యాయమైన ప్రశ్నయే. చిల్కా ఉత్తరపుటొడ్డున టాంగీ దరి మంగళజోడి గ్రామమునకు పోయి చూడవచ్చును. వేటయే వృత్తిగా నుండిన ఆ ఊరివారు 2000 సంవత్సర ప్రాంతమున పక్షుల రక్షణకు సమితిగా చేరి, నేడు పడవలు నడుపుచు, చూడవచ్చినవారికి పక్షులను చూపుచు సంపాదించుకొనుచున్నారు. ఏ పొదలో ఏ పిట్ట యుండునో వేటకానికంటె బాగుగ నెరిగినవా డెవడు? మన సంఘము ఏటికి రెండుసార్లు పిల్లలను అచ్చటికి పంపి పడవ కూలి చెల్లించినచో, అదియు ఒక కొనుగోలే కదా.

కావున ఈ సంక్రాంతికి ఏ సభ్యుని యింటను చిల్కా పక్షిమాంసము కొనరాదని తీర్మానము ప్రతిపాదించుచున్నాము. వ్యతిరేకముగ పలుకదలచినవారు ఇప్పుడే, ఈ సభలోనే పలుకవలెనని మనవి. చాటున పలికిన దానికి మేము జవాబు చెప్పజాలము.

కార్తీకమున రెండవ ఆదివారము రంభకు ప్రయాణము. అప్పటికి జక్కవలు దిగియుండును. తెల్లవారక మున్నే రైలు స్టేషనుకు రావలెను. ఎరుపు, పసుపు బట్టలు వలదు, మట్టిరంగు మేలు. మా యొద్ద దుర్భిణులు రెండే యున్నవి. ఇంట గలవారు తేగోరుదుము.