భూమి లేని ఇంటికి పింఛనే పట్టా

(పేట సభలో మాట్లాడిన మాటల పాఠం)



పోలీసోళ్ళ పింఛను గురించి దళిత సభలో మాట్లాడటం ఏటని కొందరు అడిగారు. మొహమాటం లేకుండా అడిగారు. "మన మీద లాఠీ ఎత్తినోడి ముసలితనం సంగతి మనకెందుకు?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే అది. దానికి జవాబు చెప్పకుండా ఈ విషయం మాట్లాడితే పేటను మోసం చేసినట్టే. అందుకని ముందు దాని సంగతే తేల్చుకుందాం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పోలీసంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఏజెన్సీలో గిరిజన పోరాటం నడిచిన రోజుల నుంచీ పోలీసు క్యాంపులు చూసినోళ్ళం. 2010 జూలై 14న సోంపేటలో బీల భూముల కోసం నిలబడ్డ జనం మీద తుపాకులు పేలాయి. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ పేలాయి. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మింపేటలో మడ్డువలస ముంపు భూమి దగ్గర మన వాళ్ళ మీద పడ్డారు. అయిదు ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం ఆ ప్రాణాలు కాపాడలేకపోయింది. వీటిలో ఒక్కటీ మేం మరిచిపోలేదు. మిమ్మల్ని మరిచిపొమ్మనీ అడగం.

కానీ లాఠీ లెక్క వేరు, పింఛను లెక్క వేరు. తప్పు చేసిన పోలీసును పేరు పెట్టి కోర్టుకు ఈడ్చాలి. 1989 అట్రాసిటీ చట్టంలో నాలుగో సెక్షన్ ఉన్నది అందుకే. దళితుడి ఫిర్యాదు రాసుకోకుండా, చేయాల్సిన పని కావాలని చేయకుండా కూచున్న దళితేతర ఉద్యోగికి శిక్ష వేయమంటుంది ఆ సెక్షన్. దాన్ని వాడదాం, గట్టిగా వాడదాం. అంతేగాని ముప్పయ్యేళ్ళు ఎండలో నిలబడ్డ కానిస్టేబుళ్ళందరి కంచంలో కూడు తగ్గిస్తే ఏ లక్ష్మింపేటకూ న్యాయం జరగదు. ఆ కోతతో మిగిలే రూపాయి మన పేటకు రాదు. ఎవరి పెట్టెలోకి పోతుందో మనకు తెలుసు.

అసలు కానిస్టేబులు ఎవరు? తెల్లారగట్ల నాలుగింటికి ఊరి రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రోళ్ళను చూడండి. ఒకడు పోలీసు సెలక్షన్లకు, ఒకడు ఆర్మీకి, ఒకడు సీఆర్పీఎఫ్‌కు. వాళ్ళ తాత కామందు ఇంట్లో కంబారి. తండ్రి కూలీ, కాకపోతే విశాఖలోనో హైదరాబాదులోనో తాపీ పని. ఇంటికి గుంట భూమి లేదు. పదిహేను శాతం రిజర్వేషన్ అనే సందులోంచి బాబాసాహెబ్ మనకు తీసిన దారిలో వాడు పరిగెడుతున్నాడు. సెలక్టయితే ఆ ఇంట్లో మొదటి నెల జీతం వాడిదే. ఉద్యోగంలో చేరాక పండగ లేదు, పబ్బం లేదు. జాతర అంటే జనానికి జాతర, వాడికి బందోబస్తు. జనం రాయి విసిరితే ముందు తగిలేది వాడికే. ఆర్డరు ఇచ్చేవాడు వెనక జీపులో ఉంటాడు.

ఇంత చాకిరీకి వెనకటి రోజుల్లో ఒక భరోసా ఉండేది. 33 ఏళ్ళ సర్వీసు నిండితే ఆఖరి జీతంలో సగం పింఛను. ధరలతో పాటు కరువు భత్యం. అతను పోతే భార్యకు మామూలు లెక్కన 30 శాతం కుటుంబ పింఛను. దీని కోసం జీతంలోంచి పైసా కోత ఉండేది కాదు. 1980 నాటి పింఛను రూల్సు ఇచ్చిన హక్కు అది.

2004లో ఆ తలుపు మూసేశారు. కేంద్రం ఆ ఏడాది జనవరి 1 నుంచి, మన రాష్ట్రం సెప్టెంబరు 1 నుంచి. జీవో నంబరు 653. ఆ తేదీ తర్వాత చేరినవాడికి పాత పింఛను లేదు, సీపీఎస్ అన్నారు. కాంట్రిబ్యూటరీ పింఛను స్కీము. నెల నెలా జీతంలో, కరువు భత్యంలో పది శాతం కోస్తారు. ప్రభుత్వం మరో పది శాతం కలుపుతుంది. ఆ డబ్బు మార్కెట్లో పెడతారు. రిటైరైన రోజున 60 శాతం వరకూ చేతికిస్తారు. కనీసం 40 శాతం ఇన్సూరెన్సు కంపెనీకి కట్టి, వాళ్ళు ఇచ్చిందే పింఛను అనుకోవాలి.

లెక్క వేసి చూద్దాం. ఒక హెడ్ కానిస్టేబులు ఆఖరి మూల జీతం 50,000 అనుకోండి. పాత పద్ధతిలో నెలకు 25,000 పింఛను, దాని మీద కరువు భత్యం. ఇప్పుడు సీపీఎస్ కింద అతని ఖాతాలో 30 లక్షలు జమయ్యాయి అనుకోండి. 18 లక్షలు చేతికొస్తాయి. అవి ఇంటి అప్పుకీ, కూతురి పెళ్ళికీ, ఆస్పత్రికీ పోతాయి. మిగతా 12 లక్షల మీద ఏడాదికి ఆరు శాతం వస్తే 72,000. అంటే నెలకు 6,000. పదేళ్ళు పోయినా అదే 6,000. బియ్యం ధర పెరుగుద్ది, మందుల ధర పెరుగుద్ది, అది మాత్రం పెరగదు. రిటైరయ్యే ఏడాది మార్కెట్ పడిపోతే ఆ 30 లక్షలు కూడా 30 లక్షలుగా ఉండవు. సీపీఎస్‌లో చేరినవాళ్ళకు గ్రాట్యుటీ కూడా మన రాష్ట్రంలో 2017లో గాని రాలేదు. అదీ ఉద్యోగులు అడగ్గా అడగ్గా.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. 2004 తర్వాత చేరిన బడిపంతుళ్ళం మేమూ ఆ సీపీఎస్‌లోనే ఉన్నాం. ఇందులో మా కూడూ ఉంది. అయినా ఇది ఉద్యోగుల గొడవ మాత్రమే కాదు. ఎందుకంటారా?

పెద్ద కులపోడు రిటైరైతే ఊర్లో పదెకరాలుంటాయి, పట్నంలో అద్దె ఇల్లుంటుంది, పింఛను పై ఖర్చులకు. మన ఇంట్లోంచి పోయినోడు రిటైరైతే వెనక ఏముంది? ప్రభుత్వం పంచుతానన్న భూమి మన చేతికి రాలేదు. వచ్చినచోట పట్టా ఉంటే భూమి లేదు, భూమి ఉంటే పట్టా లేదు. మన ఇళ్ళలో తరం నుంచి తరానికి దిగిన ఆస్తి అప్పు ఒక్కటే. అలాంటి ఇంటికి మొదటిసారి ఎవరూ లాక్కోలేని ఆదాయం వచ్చిందంటే అది పింఛనే. మనవడి కాలేజీ ఫీజు ఆ పింఛనులోంచే. ముసలమ్మ కామందు గుమ్మం ఎక్కి చెయ్యి చాపకుండా ఉన్నది ఆ పింఛనుతోనే. అందుకే పింఛను మన పట్టా అంటున్నాం. దాన్ని కోస్తే భూమి కోసినట్టే.

బాబాసాహెబ్ ఇంటి సంగతి గుర్తు చేసుకోండి. తండ్రి రాంజీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదారు. అంటరానివాడికి ఆ రోజుల్లో జీతం, చదువు, తర్వాత పింఛను దొరికిన చోటు సైన్యమే. ఆ ఇంటి బిడ్డ బడికి పోగలిగాడంటే తండ్రి చేసిన కొలువు చలవ కూడా అందులో ఉంది. 1890ల్లో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం మానేశారు. ఎన్ని ఇళ్ళ దీపాలు అప్పుడు ఆరిపోయాయో ఆలోచించండి. కొలువు తలుపు మూసినా, కొలువు వెనక ఉన్న భరోసా తీసేసినా, దెబ్బ ముందు తగిలేది అట్టడుగు ఇంటికే.

పింఛను దయాధర్మం అనుకునేవాళ్ళకు సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో అయిదుగురు జడ్జీలు తేల్చారు. పింఛను యజమాని దయ తలచి ఇచ్చే బహుమానం కాదు, చేసిన పనికి దక్కే హక్కు, ముసలితనంలో సాంఘిక న్యాయం అన్నారు. మన రాష్ట్రంలో 2020లో కరోనా పేరు చెప్పి జీతాలు, పింఛన్లు సగం ఆపారు. పోలీసులకూ, వైద్య సిబ్బందికీ, పారిశుధ్య కార్మికులకూ తర్వాత జీతం పూర్తిగా ఇచ్చారు. ఆపిన జీతాలకు, పింఛన్లకు వడ్డీతో సహా కట్టమని హైకోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీ 12 నుంచి 6 శాతానికి తగ్గించింది గాని, హక్కు అనే మాట నిలబెట్టింది.

ప్రభుత్వాలు మాత్రం మాట నిలబెట్టుకోలేదు. అధికారంలోకొస్తే వారం రోజుల్లో సీపీఎస్ రద్దని 2019 ఎన్నికల ముందు చెప్పినవాళ్ళు, 2023లో జీపీఎస్ చట్టం తెచ్చారు. ఆఖరి మూల జీతంలో సగానికి గ్యారంటీ అన్నారు. జీతంలో పది శాతం కోత మాత్రం అలాగే ఉంచారు. కేంద్రం 2024 ఆగస్టులో యూపీఎస్ ప్రకటించి 2025 ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టింది. అక్కడా పూర్తి పింఛనుకు 25 ఏళ్ళ సర్వీసు కావాలి, కోత తప్పదు. 2025 మార్చిలో ఆర్థిక బిల్లులో ఇంకో పని చేశారు. రిటైరైన తేదీని బట్టి పింఛనుదార్లను వేరు చేసే అధికారం తమకు ఉందని కేంద్రం చట్టంలో రాసుకుంది. నకారా కేసులో వద్దన్నది దాన్నే. ఇవాళ అది ఢిల్లీ పింఛన్లకు. రేపు మన గుమ్మానికి రాదని ఎవరు హామీ ఇస్తారు?

మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబులు పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇస్తే, తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. దాదాపు మూడేళ్ళు ఆ పిల్లలు ఎదురుచూశారు. నెగ్గినోళ్ళలో ఒక్కరికీ పాత పింఛను లేదు. సైన్యానికి పోదామంటే 2022 జూన్‌లో అగ్నిపథ్ తెచ్చారు. నాలుగేళ్ళ కొలువు, నూటికి 25 మందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్ళు పింఛను లేకుండా ఇంటికి. ఇల్లిల్లూ ఒక జవాన్ని ఇచ్చే శ్రీకాకుళం పల్లెలకు ఇది ఎంత దెబ్బో వేరే చెప్పాలా?

"కూలోడికి లేని పింఛను సర్కారు ఉద్యోగికెందుకు?" అని కొందరు పెద్దమనుషులు మన నోటితోనే అనిపిస్తున్నారు. జాగ్రత్త. అది మన మీద ప్రేమతో అంటున్న మాట కాదు. ఒక్కసారి గెలిచిన ఎమ్మెల్యేకు కూడా చచ్చేదాకా పింఛను ఉంది, దాని జోలికి ఎవరూ పోరు. పేటలో ముసలమ్మకు 2024 జూలైలో 3,000 పింఛను 4,000 చేశారు. అది ఊరికే వచ్చిందా? అడిగితే వచ్చింది. కూలీకి లేదు కాబట్టి కానిస్టేబులుకీ వద్దనకూడదు. కానిస్టేబులుకు ఉంది కాబట్టి కూలీకీ కావాలనాలి. ఒకడి కంచం తీసేస్తే రెండోవాడి ఆకలి తీరదు.

ఇంకో సంగతి. ఈ కోత మీద పోలీసు తనంతట తాను రోడ్డెక్కలేడు. 1966 నాటి చట్టం అతనికి మనలా సంఘం పెట్టే హక్కు, సభల్లో నిలబడి అడిగే హక్కు బిగించి కట్టేసింది. సీపీఎస్ రద్దు చేయమని 2022లో విజయవాడ బయల్దేరిన పంతుళ్ళను ఇళ్ళ దగ్గర, స్టేషన్ల దగ్గర ఆపింది ఎవరు? సీపీఎస్‌లో ఉన్న కానిస్టేబుళ్ళే చాలామంది. తన కూటి కోసం పోయేవాణ్ణి తనే ఆపాల్సి రావడం కన్నా బానిసత్వం ఏముంది? నోరు కట్టేసినోడి తరఫున నోరున్నోళ్ళం మాట్లాడాలి. ఆ పని మనం చేస్తే, రేపు మన మీద లాఠీ ఎత్తమన్నప్పుడు వాడి చెయ్యి ఒక్క క్షణం ఆగుద్దేమో. ఆగకపోయినా మనం అడిగింది న్యాయమే.

మరి మనం అడగాల్సింది ఏటి?

2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన పోలీసులకు, పంతుళ్ళకు, అందరికీ పాత పింఛను ఇవ్వాలి. నోటిఫికేషన్ ఆ తేదీకి ముందే వచ్చి, సర్కారు ఆలస్యం వల్ల తర్వాత చేరినవాళ్ళకు వెంటనే ఇవ్వాలి. కేంద్రం 2023 మార్చి 3న తన ఉద్యోగుల్లో అలాంటివాళ్ళకు ఆ వీలు ఇచ్చింది, మనకు ఇవ్వడానికి అడ్డేమిటి? అదే ఖాకీ తొడుక్కుని, అదే ఎండలో నిలబడి, డ్యూటీ చేస్తేనే భత్యం వచ్చే హోంగార్డుకు పింఛను కావాలి. విజయనగరం, శ్రీకాకుళం వీధులు ఊడ్చే రెల్లి అక్కలకు, అవుట్‌సోర్సింగ్ పేరుతో చాకిరీ చేసే పిల్లలకు కావాలి. పోలీసుకు అడిగి వీళ్ళను వదిలేస్తే మన ఉద్యమానికి అర్థం లేదు.

ప్రతి పేటలో ఒక కాగితం తీసుకోండి. మన పేట నుంచి పోలీసులో, సైన్యంలో, బడిలో, మున్సిపాలిటీలో ఎవరెవరు ఉన్నారు, ఏ ఏడాది చేరారు, ఎవరికి ఏ పింఛను ఉంది, ఎవరికి ఏదీ లేదు, రాయండి. చనిపోయినవాళ్ళ భార్యలకు రావాల్సింది వచ్చిందో లేదో అడగండి. రానివాళ్ళ కాగితాలు పంతుళ్ళం మేం రాసిపెడతాం. ఆ జాబితాతో ఎమ్మెల్యే దగ్గరకు వెళ్దాం, కలెక్టరు గ్రీవెన్సుకు వెళ్దాం. ఓటు అడగడానికి వచ్చినోడి ముందు ఆ కాగితం పెట్టి, వారం రోజులని చెప్పొద్దు, తేదీ రాసి సంతకం పెట్టమందాం.

లాఠీకి లెక్క అడుగుదాం. పింఛనుకు కాపలా కాద్దాం. రెండూ మన పనులే.

జై భీమ్.