అనుమానం ఉంటే ఫైలు అడుగుదాం
(విముక్తి దినం నాడు గుడివాడలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ మధ్య మన గ్రూపుల్లో ఒకటే మాట. ఢిల్లీలో ఏ నిర్ణయం జరిగినా "దీని వెనక ఎవరో ఉన్నారు" అని. మేము తప్పు పట్టం. మనకు ఆ అనుమానం ఊరికే రాలేదు.

మనలో ఉప్పు ఎరుకలు అనే శాఖ ఉంది. మన తాతలు తీరం ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు తీసుకెళ్లి గింజలు తెచ్చుకునేవారు. 1805లో ఉప్పు మీద సర్కారు గుత్త పెట్టింది. తర్వాత రైలొచ్చింది. బేరం పోయింది, తిరుగుడు మిగిలింది. తిరిగేవాడు దొంగ అన్నారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మన మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. పుట్టుకతోనే నేరస్థుడు. ఊరు దాటాలంటే చీటీ. తెగ మీద వేసిన ఆ ముద్ర న్యాయమేనా అని కోర్టు కూడా అడగకూడదు! అడగనివ్వని చోట అనుమానం కాక ఇంకేం పుడుతుంది?

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. అక్కడి మనవాళ్లను చీరాల పొగాకు కంపెనీ పనిలోకి పంపారు. "కంపెనీ కోసమే చట్టం తెచ్చారు" అని మనలో కొందరం అంటుంటాం. ఇక్కడ కాస్త ఆగాలి. చట్టం ముందు, ఆ పని తర్వాత. కంపెనీ లాభపడింది, నిజమే. చట్టం చేయించింది కూడా అదే అనడానికి అంతమాత్రం చాలదు. మీనా రాధాకృష్ణ గారు పాత సర్కారు కాగితాలు తిరగేసి పుస్తకం రాశారు కాబట్టి ఈపాటి సంగతులైనా గట్టిగా చెప్పగలుగుతున్నాం.

నిన్నమొన్నటి ఎన్నికల బాండ్లూ అంతే. 2018లో మొదలయ్యాయి. ఎవరు ఏ పార్టీకిచ్చారో జనానికి తెలియనివ్వలేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక పేర్లు బయటికొచ్చాయి. ఇచ్చిందెవరో తెలిసింది. దానివల్ల ఏ నిర్ణయం మారిందన్నది ఒక్కో ఫైలు చూస్తేగాని తేలదు.

2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర కార్యాలయానికైతే ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. "ఎందుకు చేశారు" అని రాయకండి, తప్పించుకుంటారు. "ఈ నిర్ణయం తాలూకు ఫైలు నోటింగుల నకళ్లు ఇవ్వండి" అని రాయండి. భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుందాం. దరఖాస్తు రాయడం వచ్చినవాళ్లం నలుగురం ఉన్నాం. ఫోన్లో దాచుకున్న ఫార్వర్డులు తీయండి, ఒక్కోదానికి ఏ ఆఫీసుకు రాయాలో చూద్దాం.