దీపం వెలిగింది – దోషం ఎక్కడ?
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భృతి గురించి మాట్లాడవలసిన చోట కారు గురించి చెబుతున్నానని విసుక్కోవద్దు. చివరకు ఇదీ మన పెన్షను డబ్బు సంగతే.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త వాహనాలకు బి.ఎస్. 6 ప్రమాణాలు వచ్చాయి. అందుచేత డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు పెడుతున్నారు. పట్టిన మసి సుమారు 600 డిగ్రీల వేడిలో కాలిపోతుంది. కొన్ని కార్లలో ఫిల్టరు తర్వాత మసి సెన్సారు కూడా ఉంటుంది. దానిలోని పింగాణీ బిళ్ల మీద మసి పేరుకుంటే సన్నగా కరెంటు పారుతుంది. మసి మరీ త్వరగా పేరుకుంటే ఫిల్టరు పగిలిందని ఇంజను కంప్యూటరు గ్రహించి దీపం వెలిగిస్తుంది. సెన్సారు వైరు తెగినా అదే దీపం వెలుగుతుంది. చిక్కంతా ఇక్కడే.

మా అబ్బాయి తన కారును మా దగ్గర ఉంచాడు. మా ఆవిడకు ఉబ్బసం. ఆసుపత్రికి అందులోనే వెళ్తాం. ఒకనాడు ఆ దీపం వెలిగింది. మొదటి షాపువారు పది నిమిషాలు చూసి, "ఫిల్టరు పోయింది, మార్చాల్సిందే" అన్నారు. వారిచ్చిన అంచనా నా రెండు నెలల పెన్షనును మించింది. ఇంకొకాయన, "ఫిల్టరు పీకేసి కంప్యూటరును సర్దేస్తాను, చవకలో పోతుంది" అన్నాడు. ఉబ్బసం మనిషిని కూర్చోబెట్టుకొని ఊరి మీద మసి వదులుతూ తిరగడమా? నా మనసొప్పలేదు. చట్టమూ ఒప్పదు.

ఆధారం చూడనిదే ఫైలు మీద సంతకం పెట్టరాదని గుమాస్తాగా నేర్చుకున్నాను. అందుకే మూడో మెకానిక్కు దగ్గరకు వెళ్లాను. ఆయన ముందు స్కానరు పెట్టి చూశాడు. అందులో ఉన్నది ఫిల్టరు దోషం కాదు, సెన్సారు సర్క్యూటు తెగిందన్న దోషం. తర్వాత ఇంజను చల్లబడ్డాక సైలెన్సరు గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిచాడు. గుడ్డకు మసి అంటలేదు. ఫిల్టరు పగిలి ఉంటే నల్లగా అయ్యేది. ఆఖరున కారును పైకెత్తి వైరు వెంట వెతికితే, ఎలుక కొరికిన చోటు దొరికింది!

తెగిన వైరు కలిపి, వేడికి తట్టుకునే తొడుగు వేసి, మీటరుతో సరిచూసి, పాత కోడు చెరిపాడు. సెన్సారు తన్ను తాను పరీక్షించుకోవాలంటే ఇంజను బాగా వేడెక్కాలట. అరగంట హైవే మీద తిప్పాం. దీపం మళ్లీ వెలగలేదు. అయిన ఖర్చు మా నెల మందుల ఖర్చు కన్నా తక్కువ.

సోదరులారా, దీపం వెలిగితే ఆ కోడు ఏమిటో కాగితం మీద రాయించుకోండి. వైర్లు, కనెక్టర్లు చూడనిదే పెద్ద సామాను మార్చనివ్వకండి. డీజిలు కారును ఎప్పుడూ సందుల్లోనే కాక అప్పుడప్పుడూ దూరం నడపండి. కంపెనీ పుస్తకంలో చెప్పిన ఆయిలే వాడండి. ఫిల్టరును మాత్రం తీయించకండి. అది ఆపే మసి మన మనవల ఊపిరితిత్తుల్లోకి పోవలసినది.